ట్రిప్టోఫాన్ మీద ఇరవై ఏళ్లు: ఆ శాస్త్రవేత్తల శ్రమ వృథా అయినట్టేనా?

జొన్నచేను:
కడుపులో బిడ్డ సగం తండ్రి పోలిక. మరి తల్లి రోగనిరోధక వ్యవస్థ ఆ బిడ్డను పరాయిదనుకుని ఎందుకు తోసెయ్యదు? అమెరికాలోని జార్జియా మెడికల్ కాలేజీలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ 1998లో దీనికి ఒక జవాబిచ్చారు. ఐడీవో అనే ఎంజైమ్ అక్కడున్న ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచేస్తుంది, అది అందక పరాయివాటి మీద దాడి చేసే టీ కణాలు చతికిలబడతాయి. ఎలుకలకు ఆ ఎంజైమ్‌ను ఆపే మందు ఇస్తే, వేరే వంశపు మగ ఎలుకల వల్ల నిలిచిన గర్భాలు పోయాయి. సొంత వంశానివి నిలిచాయి. చాలా రకాల క్యాన్సర్ గడ్డల్లో కూడా ఇదే ఎంజైమ్ ఉందని 2003లో బ్రస్సెల్స్ బృందం చూపింది. 2018లో ఆ ఎంజైమ్‌ను ఆపే ఎపకాడోస్టాట్ అనే మందు ట్రయల్ విఫలం కాగానే కంపెనీలు వరసపెట్టి తప్పుకున్నాయి. నాకది తొందరపాటు అనిపిస్తుంది. మీరేమంటారు?

నిక్కచ్చి:
తొందరపాటేం కాదండి. 706 మంది మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) రోగులు. అందరికీ టీ కణాలను మేల్కొలిపే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, సగం మందికి అదనంగా ఎపకాడోస్టాట్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర. జబ్బు ముదరకుండా ఆగిన మధ్యస్థ కాలం మందుతో 4.7 నెలలు, ఉత్తుత్తి మాత్రతో 4.9. ఇంకేం కావాలి?

మిరపకళ్లం:
ఎలుకల్లో పనిచేసిందల్లా మనుషుల్లో పనిచేయాలని లేదు.

జొన్నచేను:
ఇచ్చింది రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాములు. ఆ డోసుకు గడ్డ లోపల ఐడీవో పూర్తిగా ఆగిందని ఎవరు తేల్చారు? ఐడీవో ఉందో లేదో చూసి రోగులను ఎంచుకోలేదు కూడా. పైగా ట్రిప్టోఫాన్‌ను విరిచేది అదొక్కటే కాదు, టీడీవో అనే ఇంకో ఎంజైమ్ కూడా ఉంది. మెదడు గడ్డల్లో అది చేసే పనిని జర్మనీలోని హైడెల్‌బర్గ్ వాళ్లు 2011లోనే చూపించారు.

నిక్కచ్చి:
ఆ డోసు చాలని చెప్పే కదా ట్రయల్ మొదలుపెట్టారు? ఓడిపోయాక చాలలేదంటే ఇక ఏ సిద్ధాంతమూ తప్పని తేలదు.

జొన్నచేను:
డోసు పెట్టింది కంపెనీ. మన్, మెల్లర్ కాదు.

నిక్కచ్చి:
ఎవరు పెడితే ఏం? 100 చాలదంటే ఎంతైతే చాలుతుందో అంకె చెప్పండి.

పాలపిట్ట:
ట్రిప్టోఫాన్ కథ మనకు కొత్త కాదు. జొన్నే ప్రధానంగా తినేవాళ్లకు పెల్లాగ్రా (నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) ఎందుకొస్తుందో హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో వివరించారు. జొన్నలో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువని, దానివల్ల ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారవడం దెబ్బతింటుందని వాళ్ల వాదన. దాని మీదా చాలాకాలం వివాదం నడిచింది.

నిక్కచ్చి:
అది వేరే విషయం. నేను అడిగింది అంకె.

జొన్నచేను:
మీరు మొదట్నుంచీ ఏదో కసితో మాట్లాడుతున్నారు. ఇద్దరు మనుషులు జీవితం పెట్టిన పనిని ఒక్క ట్రయల్‌తో తుడిచెయ్యడం అన్యాయం.

నిక్కచ్చి:
అవును, కసే. నేను పీహెచ్‌డీలో నాలుగేళ్లు ఎలుకలకు ఐడీవోను ఆపే మందు ఇచ్చి, ట్రిప్టోఫాన్ విరిగితే వచ్చే కైనురెనిన్‌ను కొలిచాను. గడ్డలు తగ్గట్లేదని మూడో ఏడే చెప్పాను. "నీ చేతిలోనే లోపం ఉంది" అన్నారు మా గైడు. 2018 ఏప్రిల్‌లో ట్రయల్ వార్త వచ్చింది. ఆ వారమే ప్రాజెక్టు పేరు మార్చమన్నారు. నా డేటా ఇప్పటికీ అచ్చు కాలేదు. నా జీవితం లెక్కలోకి రాదా?

నూనెగానుగ:
మీ గైడు చేసినదానికి జార్జియావాళ్లేం చేస్తారండి?

జొన్నచేను:
మా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. రెండెకరాలు అమ్మి ఇమ్యునోథెరపీ చేయించాం. నాలుగో డోసు తర్వాత స్కాన్‌లో గడ్డ పెరిగింది. కొందరిలో టీ కణాలు మేల్కోవమ్మా అని డాక్టర్ గారు మా అక్కతో అన్నారు. ఎందుకు మేల్కోవో వెతికేవాళ్లను వృథా అంటే నేను ఊరుకోలేను.

నిక్కచ్చి:
అమ్మగారి గురించి తెలియదండి, క్షమించండి. వెతకడం ఆపమని నేను అనట్లేదు. పోల్చి చూసే రెండో గుంపు లేని చిన్న ట్రయల్స్ చూసి వందలమంది మీదకు వెళ్లారు. వాళ్లంతా అమ్మగారిలాంటి వాళ్లే. పనిచేయలేదని చెప్పే చిన్న చిన్న డేటా అంతా అల్మారాల్లో ఉండిపోతే వాళ్లకెవరు చెబుతారు? నా గొడవ అదీ.

జొన్నచేను:
అది ఒప్పుకుంటాను. ఒక్కటి చెప్పండి. మీ ఎలుకల్లో కైనురెనిన్ రక్తంలో తగ్గిందా, గడ్డలో కూడానా?

నిక్కచ్చి:
రక్తంలో తగ్గింది. గడ్డలో కొలవలేదు. అందుకు కావాల్సిన మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రం మీద మాకు స్లాట్ దొరకలేదు.