మెట్ట చేలో సుబాబుల్ వేయాలా, వద్దా?

నల్లరేగడి:
నందిగామ వైపు మాకు 3 ఎకరాల మెట్ట ఉంది. రెండేళ్లుగా పత్తిలో నష్టమే. తమ్ముడు కర్ర కోసం సుబాబుల్ చెట్లు వేద్దామంటున్నాడు, నాకు మనసొప్పడం లేదు. ఇంగ్లిషులో దీన్ని లెడ్ ట్రీ, అంటే సీసం చెట్టు, అంటారు. సీసపు లవణం కలిపిన నీళ్లలో జింకు ముక్క వేలాడదీస్తే సీసం స్ఫటికాలు కొమ్మలు కొమ్మలుగా పెరిగే ప్రయోగం ఉంది కదా, దాని పేరూ అదే. అక్కడ నీళ్లలో సీసం అయిపోగానే పెరగడం ఆగుతుంది. చేలో ఈ చెట్టు గింజలతో పాకిపోతుంటే ఆపేదెవరు?

మెట్టరైతు:
అన్నా, మేం 12 ఏళ్లుగా ఇదే వేస్తున్నాం. మాకు నీళ్లు లేవు, కూలీలు దొరకరు. దీనికి రెండూ పెద్దగా అక్కర్లేదు. కొట్టిన మోడు నుంచి పిలకలొస్తాయి, మూడు నాలుగేళ్లకు మళ్లీ కోత. పైగా పప్పుజాతి చెట్టు, వేళ్ల బుడిపెల్లో నత్రజని నిలుపుతుంది. నా బాధంతా ధరే. కర్ర ఎక్కువగా పోయేది పేపరు మిల్లులకే, వాళ్లు ఎంతంటే అంత. కొట్టిన కర్ర ఎండేకొద్దీ తూకం తగ్గిపోతుంది, ఇక బేరమాడేదెప్పుడు? ఒకసారి మా లోడు 4 రోజులు ఆగింది. ఆ టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మేకలమంద:
ఆకు మేపే సంగతీ చూసుకోండి. మాంసకృత్తులు బాగా ఉన్న మేతే గానీ అందులో మైమోసిన్ అనే విషం ఉంది. ఎక్కువ తింటే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర థైరాయిడ్ ఉబ్బుతుంది. హవాయి మేకలకు ఏమీ కాలేదు, వాటి కడుపులో ఆ విషాన్ని విరిచే బ్యాక్టీరియా ఉంది. 1980ల్లో దాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. మనం మాత్రం వేరే మేతలో కొద్దిగా కలిపి వేయాలి. గుర్రాలకు, పందులకు వద్దు.

నల్లరేగడి:
ధర మాట ఒప్పుకుంటున్నాను తమ్ముడూ. కానీ పక్క చేను సంగతేంటి? ఎండిన కాయలు పగిలి గింజలు రాలితే వాన నీళ్లతో కాలవ గట్టుకు చేరతాయి. మెక్సికో దీని పుట్టిల్లు, అక్కడ గింజలు ఇష్టంగా తింటారు, అక్కడి వహాకా రాష్ట్రం పేరే ఈ జాతి చెట్ల నుంచి వచ్చింది. అదే చెట్టును ప్రపంచంలోని 100 అతి చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో పెట్టారు.

మెట్టరైతు:
నిజమే అన్నా. ఏడాది తిరక్కుండానే పూతకొస్తుంది, కాయను ఆపడం మా వల్ల కాలేదు. గట్టున మొలిచినవి చిన్నప్పుడే వేళ్లతో సహా పీకేస్తున్నాం. ముదిరితే గొడ్డలికి లొంగదు, మళ్లీ చిగురిస్తుంది.

నల్లరేగడి:
అయితే ఎగువన ఒక్క ఎకరంలోనే వేద్దామని మా తమ్ముడితో మాట్లాడతాను. కాలవ వైపు కంది వేస్తాం.