అప్‌డేట్: పాత గోల్ఫ్ క్లబ్బు, బంతి విలువ తెలిసింది

ఎడిన్‌బరోలో మా ఇంటి ఓనరుగారు ఇచ్చిన పాత గోల్ఫ్ క్లబ్బు (బంతిని కొట్టే కర్ర), బంతి ఎంత పలుకుతాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, పాలిష్ పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. ఇప్పుడు వాటిని వేలం వేసేవాళ్ళకు చూపించాను. హికరీ అనే గట్టి చెక్కతో చేసిన కాడ (షాఫ్టు) ఉన్నంత మాత్రాన క్లబ్బు అరుదైనది కాదట. బ్రిటన్‌లో 1929లో స్టీలు షాఫ్టులకు అనుమతి వచ్చేదాకా దాదాపు అందరూ ఆడింది అలాంటి కర్రలతోనే. ఇనుప తల వెనక ఉన్న పొగాకు పైపు గుర్తు స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కు చెందిన క్లబ్బుల తయారీదారు టామ్ స్టీవార్ట్‌ది. పనితనం గొప్పదే, కానీ అలాంటివి బోలెడు దొరుకుతాయి, ధర మామూలే.

బంతి సంగతి వేరు! అది గట్టా పర్చా (ఒక రకం చెట్టు పాలతో చేసే గట్టి పదార్థం) బంతి, అంటే లోపల రబ్బరు దారం చుట్టిన హాస్కెల్ రకం బంతులు రాకముందుది. తయారీలో సుత్తితో కొట్టిన గీతలు చెరగలేదు, పాత పెయింటు కూడా చాలావరకు ఉంది. అందుకే క్లబ్బు కంటే దీనికే ఎక్కువ వస్తుందన్నారు.

పాలిష్ పెట్టమని సలహా ఇచ్చినవాళ్ళూ, దయచేసి మీ దగ్గరున్న వాటికి కూడా పెట్టకండి. కలెక్టర్లు పాతదనం చూసే కొంటారు.