టైప్-1 షుగర్ ఉన్న గర్భిణికి ఆటోమేటిక్ ఇన్సులిన్ పంపు అవసరమా, ఇంజెక్షన్ పెన్ను చాలదా?

కృష్ణాతీరం: మా ఆవిడకి చిన్నప్పటి నుంచీ టైప్-1. ఇప్పుడు మూడో నెల. సెన్సర్ రీడింగ్ చూసి ఇన్సులిన్ దానంతటదే ఎక్కించే పంపు పెట్టించమన్నారు డాక్టరుగారు. రేటు వింటే కళ్లు తిరిగాయి. గ్రాఫ్ నా ఫోన్లో, అమ్మ ఫోన్లో కూడా కనపడుతుందట, అదొక్కటి బాగుంది. వాడినవాళ్లు చెప్పండి.

లీడ్స్ కోడలు: కళ్లు మూసుకుని తీసుకోండి. ఇక్కడ యూకేలో 124 మంది టైప్-1 గర్భిణులతో చేసిన ఐడాప్ట్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. షుగర్ 63-140 మధ్య ఉన్న సమయం మామూలు పద్ధతిలో 55.6 శాతం, దీంతో 68.2. నా కాన్పు కూడా ఆ ట్రయల్‌లో పంపుని నడిపిన కామ్‌ఏపీఎస్ యాప్ మీదే. రాత్రిళ్లు నిద్రపోయాను.

సూరిబాబు63: మీకు అక్కడి సర్కారు వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ ఇస్తుంది, ఎన్నైనా చెప్తారు. మా చెల్లెలు పెన్నుతోనే ఇద్దర్ని కంది.

లీడ్స్ కోడలు: రాత్రి రెండింటికి లేచి వేలు గుచ్చుకుంది ఆవిడ. మీరు కాదు.

ఇన్సులిన్ సిస్టర్: ముందు ఏ పంపో తేల్చుకోండి. కామ్‌ఏపీఎస్‌లో షుగర్ టార్గెట్ 80 దాకా దించొచ్చు. మన దగ్గర డాక్టర్లు రాసే మెడ్‌ట్రానిక్ 780జీ పంపులో 100 కంటే దిగదు. దానిమీద బెల్జియం, నెదర్లాండ్స్‌లో 95 మందితో చేసిన క్రిస్టల్ ట్రయల్‌లో రోజు మొత్తానికి చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రాత్రిపూట మాత్రం మెరుగు, షుగర్ లో అవడం కూడా తగ్గింది. ఇంకోమాట, తినేముందు కార్బ్స్, అంటే పిండిపదార్థం ఎంతో, పంపులో మనమే కొట్టాలి. నాలుగిడ్లీలు తిని రెండని కొడితే దానికేం తెలుస్తుంది?

సూరిబాబు63: చూశారా, తేడా లేదని సిస్టరే చెప్పారు!

ఇన్సులిన్ సిస్టర్: రాత్రిపూట ఉందన్నాను కదండీ. నెలలు నిండేసరికి ఇన్సులిన్ రెండింతలు కావాలి, కాన్పు కాగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మార్పులు...

సూరిబాబు63: 100 కంటే దిగని మిషన్‌కి లక్షలు పొయ్యాలా? అది చెప్పండి.

లీడ్స్ కోడలు: ఆ వంద పట్టుకుని వదలరేంటండీ? మోసేది మీరు కాదు కాబట్టి డబ్బే కనిపిస్తోంది.

సూరిబాబు63: నాకు చెప్పకండమ్మా. చెల్లెలి మూడో కాన్పుకి అప్పుచేసి పంపు పెట్టించింది నేనే. చర్మం కింద గొట్టం మడతపడింది, ఇన్సులిన్ ఆగింది, తెల్లారేసరికి రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ఐసీయూ. కంపెనీవాడు ఫోనెత్తలేదు. మా బావ ఇవాళ్టికీ నాతో మాట్లాడడు.

ఇన్సులిన్ సిస్టర్: అందుకే పంపు ఉన్నా ఇంట్లో పెన్ను, కీటోన్ స్ట్రిప్పులు ఉండాలి. మీకది ఎవరూ చెప్పలేదా?

సూరిబాబు63: చెప్పుంటే ఇక్కడెందుకు అరుస్తాను?

కృష్ణాతీరం: వారి భార్యని, వారి లాగిన్‌లోంచే రాస్తున్నాను. డబ్బు గురించి అడిగారు, మిషన్ గురించి అడిగారు, నన్ను అడగలేదు. నాకు పంపు కావాలి. కానీ గ్రాఫ్‌లో గీత పైకి లేచినప్పుడల్లా అత్తయ్యగారు "ఏం తిన్నావు" అంటే ఆ పంపు నాకొద్దు.

లీడ్స్ కోడలు: షేరింగ్ ఆపేయొచ్చమ్మా. నీ ఫోన్, నీ ఇష్టం.

సూరిబాబు63: ఆపేస్తే, రాత్రి లో అయితే ఎవరు లేస్తారు?

కృష్ణాతీరం: పక్కన పడుకున్నవాళ్లు లేవాలి. అలారం మోగుతుందిగా.