మనుమని కోసం ఆవిడ పట్నంల, నేను హన్మకొండల: ఇది న్యాయమేనా?

లెక్కల సారు, హన్మకొండ

అందరికి నమస్కారం. నేను జిల్లా పరిషత్తు హైస్కూల్ల లెక్కలు చెప్పి 2018ల రిటైర్ అయిన. ఇల్లు కుమార్‌పల్లి దిక్కు. బిడ్డ కరీంనగర్‌ల ఉంటది. కొడుకు హైదరాబాద్‌ల, మియాపూర్ కాడ అపార్టుమెంటుల ఏడో అంతస్తు. కొడుకుది, కోడలిది ఇద్దరిది కంప్యూటర్ల ఉద్యోగమే.

మనుమడు పుట్టినంక, కోడలి సెలవు అయిపోంగనే మా ఆవిడ పోయింది. "రెండు నెల్లు చూసి వస్త" అన్నది. ఇప్పటికి రెండేండ్ల నాలుగు నెల్లు. లెక్కల సారును కద, ఆమె వచ్చిన రోజు క్యాలెండర్ల సున్నా చుడుత. ఇన్ని రోజులల్ల ఆమె ఈ ఇంట్ల పండుకున్న రాత్రులు 61.

నా సంగతి చెప్పాల్నంటే, పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి వచ్చి నేనే చాయ్ పెట్టుకుంట. ఒక్కపూట వండుత, రెండు పూటలు తింట. ఆదివారం కర్రీ పాయింటు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి బీపీ గోలి వేసుకున్నరా అని అడుగుతది. వేసుకున్న అంట. ఫోన్ పెట్టినంక లేచి వేసుకుంట. మాట్లాడే మనిషి లేక టీవీల వార్తలు చదివేటోనితోని కొట్లాడుతున్న.

రాకపోకలది ఇంకో కథ. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్ళకు ఎక్స్‌ప్రెస్ బస్సుల ఆధార్ చూపెడితే టికెట్ సున్నా. నాకు చూస్తే, రైల్ల 60 దాటిన మొగోళ్ళకు 40 శాతం రాయితీ ఉండె, సరిగ్గ నాకు 60 నిండిన యేడు, 2020 మార్చిల తీసేసిండ్రు. కాబట్టి ఆమెనే రావాలె అని నా వాదన. "టికెట్ ఫ్రీనే, మోకాళ్ళు ఫ్రీ కాదు" అంటది ఆమె.

ఇగ అసలు ప్రశ్న. మన పిల్లల్ని మనం సాకినం. వాళ్ళ పిల్లల్ని సాకుడు కూడ మన బాధ్యతనేనా? ముప్పై ఎనిమిదేండ్లు సంసారం చేసినోళ్ళను ఈ వయసుల చెరో ఊర్ల పెట్టుడు న్యాయమేనా? ఈ దసరాకు వచ్చినప్పుడు ఇగ పంపొద్దనుకుంటున్న. తప్పా ఒప్పా చెప్పుండ్రి. ఉత్త సానుభూతి వద్దు.

నల్ల బంగారం, గోదావరిఖని

ఒప్పే. పంపకుండ్రి సారు. నేను సింగరేణిల బాయి పని చేసి దిగిపోయిన. ముప్పై ఏండ్లు మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అని నేను తిరిగితే, నా టిఫిన్ డబ్బా కోసం మా ముసల్ది నాతోనే షిఫ్టులు తిరిగింది. నేను దిగిపోయిన. ఆమె దిగలే. ఆ తర్వాత మనుమరాలికి రాత్రి పాలు కలిపే షిఫ్టు చేసింది. నేను కొడుకుకు ముక్కు మీద గుద్దినట్టు చెప్పిన, ఏడాది చాలు, ఆయమ్మను పెట్టుకో అని. ఆరు నెల్లు మాట్లాడలే. తర్వాత పెట్టుకున్నడు. ఏం కాలే.

ఒక కోడలు, ఉప్పల్

సారూ, నేను మీ కోడలి జాగల ఉన్నదాన్ని. కోపం చేయకుండ చదువుండ్రి.

2017ల చట్టం మార్చి కాన్పు సెలవు 26 వారాలు చేసిండ్రు. మంచిదే. కాని దాంట్ల కొన్ని వారాలు కాన్పుకు ముందే పోతయి. నేను మళ్ళ ఆఫీసుకు పోయిన నాడు మా పాపకు ఐదు నెల్లు నిండలే, బోర్ల పడుడు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నది. అదే చట్టంల 50 మంది, అంతకన్న ఎక్కువ పని చేసే కాడ పిల్లల్ని చూసే క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి చూసుకోవచ్చని రాసిండ్రు. మా ఆఫీసుల ఆ గది ఉన్నది. తలుపు మీద ఏనుగు బొమ్మ గూడ ఉన్నది. లోపల ఇరిగిన కుర్చీలు ఉన్నయి.

ఆయమ్మను పెట్టుకో అనుడు అల్క. మొదటి ఆయమ్మ పాపకు ఫోన్ ఇచ్చి కూసోబెట్టింది. రెండో ఆమె మంచిది, కాని పండుగకు ఊరికి పోయి రాలే. మూడో ఆమెను వెతికే లోపల నేను సెలవులు అయిపోగొట్టుకున్న. చివరికి అత్తమ్మ వచ్చింది. ఆమె వచ్చిన రాత్రి నేను ఏడు గంటలు పండుకున్న. నా జీవితంల ఆ నిద్ర మర్వను.

ఇంకో మాట. మా అమ్మ ఎందుకు రాలేదంటే, ఆమె మా అన్న పిల్లల కాడ ఉన్నది. మా బాపు సిద్దిపేటల ఒక్కడు. కర్రీ పాయింటు, టీవీ, అంత అదే. మీ పోస్టు చదువుకుంట రెండుసార్లు ఆగిన, ఇది మా బాపునే రాసిండా అని.

మేం అత్తమ్మ అకౌంట్ల నెలనెల కొన్ని పైసలు వేస్తం. మొదట నేను కొట్టినట్టు చూసింది. ఇప్పుడు తనే అడిగి లెక్క చూసుకుంటది.

నల్ల బంగారం, గోదావరిఖని

అవ్వకు జీతం ఇచ్చే కాలం వచ్చిందన్నట్టు.

ఒక కోడలు, ఉప్పల్

జీతం కాదు తాతా. మామయ్యను అడగకుండ ఆమె కొనుక్కున్న మొదటి వస్తువు మోకాళ్ళ పట్టీ.

సిటీ పోరడు

ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకు పోతే అయిపాయె. దీనికి ఇంత చర్చా?

పొలంగట్టు, జనగామ

సిటీ పోరడా, నీకు సొంతిల్లు ఉన్నదా? లేకపోతే ఊకో.

జగిత్యాల అవ్వ

నేను చెప్తుంటే నా మనుమరాలు టైపు కొడుతున్నది. నా కొడుకు దుబాయ్‌ల, కోడలు పొద్దంత బీడీలు చుడుతది. ఇద్దరు మనుమలు నా కాడనే. మాకు ఎవలింటికి ఎవలు పోవుడు అన్న మాటనే లేదు, ఉన్నది ఒక్క ఇల్లు. నాకు 2,016 రూపాల పింఛను వస్తది, అండ్ల పిల్లలకు బిస్కిట్లు గూడ అదే. సారూ, మీ బాధ ఉన్నోళ్ళ బాధ అని అన. ఒక్కడుండే ఇల్లు నాకు తెల్సు, కొడుకు మొదటిపాలి విమానం ఎక్కినప్పుడు నాలుగు నెల్లు ఉన్న. కాని మనుమల్ని సాకుడు బాధ్యతనా అంటే నాకు సమజ్ కాలే. ఏడుస్తుంటే ఎత్తుకుంటం. దానికి పేరెందుకు?

(ఇది నేను రాస్తున్న, మనుమరాల్ని. నాయినమ్మ నడుము నొప్పి సంగతి చెప్పలే. రాయొద్దన్నది. రాసిన.)

నర్సంపేట టీచరమ్మ

సారూ, నేను గూడ బడిపంతులమ్మనే, అందుకే ఎర్ర పెన్ను తీస్తున్న. మీ పోస్టు మూడుసార్లు చదివిన. చాయ్ ఉన్నది, వంట ఉన్నది, గోలీ ఉన్నది, బస్సు టికెట్ ఉన్నది. ఆవిడకు ఏం కావాల్నో ఒక్క వాక్యం లేదు. "పంపొద్దనుకుంటున్న" అని రాసిండ్రు. పంపుడేంది, ఆపుడేంది? ఆమె పార్శిలా? కొడుకు వచ్చి తీస్కపోయిండు, మీరు ఉంచుకుందామనుకుంటున్నరు. ఆమెను ఎవలన్న అడిగిండ్రా?

లెక్కల సారు, హన్మకొండ

టీచరమ్మా, 38 ఏండ్లు కలిసి బతికినోళ్ళ నడుమ ఏది అడగాల్నో ఏది అడగక్కర లేదో బయటోళ్ళకు తెల్వదు. ఆమె మనసు నాకు తెల్సు.

నర్సంపేట టీచరమ్మ

తెలిస్తే రాయుండ్రి.

వేములవాడ ఆడబిడ్డ

కొట్లాడకుండ్రి జర. నాకొకటి యాదికొచ్చింది. ఊర్లన్నిట్ల సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు. మా వేములవాడల ఏడో రోజే. ఎందుకని అడిగితే మా అమ్మమ్మ చెప్పేది: పెండ్లయిన బిడ్డ తల్లిగారింట్ల ఏడో రోజు ఆడి, తొమ్మిదో రోజుకు అత్తగారింట్ల అందుకోవాలని. రెండు ఇండ్లున్న మనిషి కోసం ఊరు ఊరే తారీఖు జరుపుకున్నది. మరి ఈ వయసుల నాయినమ్మలకు గూడ రెండు ఇండ్లు అయినయి. ఎవలు జరుగుతున్నరు? బస్సెక్కేది మాత్రం ఆమెనే.

పొలంగట్టు, జనగామ

మంచిగ చెప్పినవ్ అక్కా. కాని నేను సారు దిక్కే. మా అమ్మ కూడ మా అన్న కాడికి పోయి మూడేండ్లు. మా బాపు తిండి సరిగ లేక షుగర్ పెరిగింది. కళ్ళు తిరిగి వాకిట్ల పడితే పక్కింటోళ్ళు చూసిండ్రు. అది గూడ లెక్కల పట్టాలె. ముసలోళ్ళు ఒక్కరుంటే ఏమైతదో పోరగాండ్లకు ఫోన్ల కనపడదు. "మంచిగున్నవా బాపు" అంటే మంచిగున్న అనే చెప్తరు గద, ఇంకేం చెప్తరు.

ఒక కోడలు, ఉప్పల్

ఇది నిజం. నేను మా బాపుకు ఇప్పుడే ఫోన్ చేసిన. మంచిగున్న అన్నడు.

లెక్కల సారు, హన్మకొండ

నాలుగు రోజులు ఇటు రాలే. టీచరమ్మ మాట కాలింది, ఒప్పుకుంటున్న. ఆమెను అడుగుదామనుకున్న, ఫోన్ల అడగబుద్ధి కాలే. శుక్రవారం కాజీపేటల రైలెక్కిన, చెప్పకుండనే.

పదకొండింటికి పోతే ఇంటికి తాళం. ఎదురింటోళ్ళను అడిగితే "ఆంటీ మెట్రోల పోయింది" అన్నరు. మా ఆవిడ మెట్రోల! హన్మకొండ చౌరస్తాల రోడ్డు దాటాల్నంటే నా అంగీ పట్టుకునే మనిషి. పన్నెండుకు వచ్చింది, ఇంకో ఇద్దరితోని. ఒకామెది నిజామాబాద్, ఇంకొకామెది రాజమండ్రి దిక్కు. ముగ్గురు నాయినమ్మలే. అమీర్‌పేట దాక పోయి జాకెట్ల బట్టలు కొనుక్కొచ్చుకున్నరట. మనుమడు ఏడి అంటే, నెల నుంచి ప్లే స్కూలుకు పోతున్నడట, తొమ్మిది నుంచి పన్నెండున్నర. నాకు చెప్పలే కద అన్న. చెప్పిందట. అప్పుడు నేను టీవీ సౌండు తగ్గించలేదట.

రాత్రి పిల్లగాడు పండుకున్నంక బాల్కనీల కూసొని అడిగిన. నీకేం కావాలె అని. చాలాసేపు ఏం మాట్లాడలే. బట్టలు మడత పెట్టుకుంట అన్నది: "కోడలికి కష్టమైతున్నది పో అన్నది మీరు. ఇప్పుడు చాలు రా అంటున్నది మీరు. నడుమ నన్ను అడిగిన రోజు ఒక్కటి చెప్పుండ్రి, క్యాలెండర్ల ఉంటది కద."

లేదు.

ఇగ ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్న, ఆమెనే రాయమన్నది. మొదటి ఆరు నెల్లు రోజు ఏడ్చిందట, బాత్‌రూంల నల్లా ఇప్పి. ఏడో అంతస్తుల వాకిలి లేదు, సాన్పు లేదు, ముగ్గుకు తలుపు ముంగట రెండు జానల జాగ. ఇప్పుడు అలవాటైంది. పొద్దటి మూడున్నర గంటలు ఆమెవి, అవి పోతయంటే ఆమెకు ఇష్టం లేదు. రాత్రి పిల్లగానితోని లేచుడు మాత్రం చాతనైతలేదు, ఆ మాట కోడలికి చెప్పబుద్ధి కాలేదు. నేను యాదికి వస్తనా అని నేను అడగలే. "కట్ట మీద నడిచి వచ్చి చెప్పులు ఇప్పిన చప్పుడు పొద్దుగాల ఐదున్నరకు రోజు ఇనొస్తది" అన్నది.

ఆమె షరతు ఇది. నెలల సగం హన్మకొండల, సగం అక్కడ. ఆమె ఇటున్న పదిహేను రోజులు అటు నేను పోవాలె. అంటే అప్పుడు గూడ చెరో ఊరే కద అన్న. "గట్లయితే ఇద్దరం ఇటు, ఇద్దరం అటు. మీరు ఖాళీనే కద" అన్నది. ఆ ఫ్లాట్ల నాకు ఊపిరాడదు అన్న. నాకు ఆడిందా మొదట్ల, అన్నది. డైపర్ మార్చుడు రాదన్న. ముప్పై మూడేండ్లు పోరగాండ్లకు త్రికోణమితి నేర్పినోళ్ళకు రెండు స్టిక్కర్లు రావా అన్నది.

కొడుకు కోడళ్ళతోని గూడ మాట్లాడిన. రాత్రి లేచుడు ఇగ వాళ్ళదే. కోడలు ఏడ్చింది, తెల్వదు మామయ్యా అని. నిజంగనే తెల్వదు ఆ పిల్లకు. మేం చెప్తెనే కద.

నేనైతే పూరాగ ఒప్పుకోలే. నెలల సగం నేను అక్కడ ఉంటనంటే, నా నడక, నా దోస్తులు, నా కుర్చీ, అన్ని పోతయి. పిల్లల్ని కన్నోళ్ళు సాకే వీలు ఉద్యోగాలల్ల ఎందుకు లేదన్న నా ప్రశ్నకు గూడ ఎవలు జవాబు చెప్పలే. ఉప్పల్ కోడలు చెప్పిన ఆ ఇరిగిన కుర్చీల గదే నాకు అసలు ముచ్చట అనిపిస్తున్నది. కాని దసరాకు ఆపుడు అన్న మాట ఎనుకకు తీసుకుంటున్న.

నల్ల బంగారం, గోదావరిఖని

సారు ఓడిపోయిండు.

నర్సంపేట టీచరమ్మ

ఓడుడేంది తాతా. మీ ఇంటామె ఏమంటున్నది, రాత్రి షిఫ్టు బందైనంక?

నల్ల బంగారం, గోదావరిఖని

అడగలే. అడుగుత.

లెక్కల సారు, హన్మకొండ

ఒక చిన్న సాయం. సద్దులకు పది రోజుల ముందే వస్తదట, మనుమణ్ని తీసుకొని. బతుకమ్మల పేర్చే గునుగు పువ్వు తెప్పించి రంగులద్ది పెట్టుమన్నది, వచ్చేసరికి తయారుండాలట. ఇన్నేండ్లు ఆమె అద్దుతుంటే పేపర్ చదువుకుంట కూసున్న, ఒక్కనాడు సక్కగ చూడలే. ఎట్ల అద్దుతరో ఎవలన్న చెప్పుండ్రి.

వేములవాడ ఆడబిడ్డ

పది రోజుల ముందు ఒద్దు సారు, వాడిపోతది. బతుకమ్మకు ఒక్కరోజు ముందు చాలు. గునుగును పిడికెడు పిడికెడు కట్టలు కట్టి కాడలన్ని ఒక్క తీరుగ కోయుండ్రి. బకీటుల నీళ్ళు పోసి రంగు కలిపి, పువ్వు దిక్కు తలకిందులుగ ముంచుండ్రి. కాడలు మునగొద్దు. తీసి నీడకు ఆరబెట్టుండ్రి. కొన్ని తెల్లగనే ఉంచుండ్రి, నడుమ నడుమ మంచిగ కనపడ్తది. తంగేడు మాత్రం ఆ పొద్దే తేవాలె. చేతులకు అంటిన రంగు మూడు రోజులు పోదు, పాత అంగీ వేసుకోండ్రి.

లెక్కల సారు, హన్మకొండ

బకీటు ప్లాస్టిక్‌దైనా నడుస్తదా?

వేములవాడ ఆడబిడ్డ

నడుస్తది. కాని ఆవిడ తానం చేసే బకీటు తీసుకోకుండ్రి.