ముత్తాత రంగూన్ ఫొటోలతో బర్మా చరిత్రను చదవడం ఎలా?

గార టీచరు, శ్రీకాకుళం జిల్లా:

అందరికీ నమస్కారం. కళింగపట్నం దగ్గరున్న మా అమ్మమ్మగారి ఇంటికి మరమ్మతు చేయిస్తూ అటక మీది రేకు పెట్టె దించాం. మా ముత్తాత రంగూన్‌లో పనిచేసిన రోజుల ఫొటోలు, కాగితాలు అందులో ఉన్నాయి. ఆయన ఎక్కడ పనిచేశాడో, ఎన్నాళ్ళున్నాడో ఇప్పుడు చెప్పగలిగేవారు ఇంట్లో లేరు.

మొదటిది స్టూడియో ఫొటో. ముత్తాత పంచె, నల్ల కోటుతో కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వెనుక వైపు ఊదారంగు ముద్రలో రంగూన్, డల్హౌసీ స్ట్రీట్ అని చదవగలిగాను. రెండోది ఏటి ఒడ్డున పొగగొట్టం ఉన్న బియ్యం మిల్లు, బస్తాలు మోస్తున్న మనుషుల వరుస. దాని వెనుక చిరునామా రాసుకోవడానికి గీతలున్నాయి. మూడోదాన్లో బర్మా కట్టులో ఒక స్త్రీ, ఒళ్ళో పసిబిడ్డ. ఆమె ఎవరని అడిగితే ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. ఇవి కాక ఒక ఖాళీ కవరు ఉంది. దాని స్టాంపు మీద రాజు తల, ఆ బొమ్మ మీద నల్లటి అక్షరాల్లో ‘బర్మా’ అని అచ్చు. చివరిది మా చినతాతగారిది, విదేశీయుడిగా నమోదు చేసిన చిన్న పుస్తకం.

మా వైపు రంగం (రంగూన్‌కు మా వాడుక పేరు) వెళ్ళివచ్చిన ఇళ్ళు ఫలానావి అని ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తారు. ఎవరు ఎంత బంగారం తెచ్చారో, ఎవరు మేడ కట్టారో చెబుతారు. ఆ దేశం ఎలా ఉండేదో, అక్కడివారు మనల్ని ఏ కళ్ళతో చూశారో మాత్రం ఎవరూ చెప్పరు. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న పొరుగుదేశం గురించి నాకే ఇంత తక్కువ తెలియడం బాధగా ఉంది. ఈ ఫొటోలు పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ రికార్డులు చూడాలి?

విశ్రాంత లెక్చరర్, విజయనగరం:

అమ్మా, రంగూన్ కుటుంబాలవారు నన్ను సాధారణంగా అడిగేది ఒకటే: మా తాత పేరు ఎక్కడ దొరుకుతుంది? మీరు ఆ దేశం గురించి అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పేరు సంగతి ముందే తేల్చేస్తాను. నేటాల్‌కో మారిషస్‌కో ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారికి ఓడల జాబితాలున్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు కూడా రాసుకున్నారు. బర్మా వెళ్ళినవారికి ఆ పద్ధతి లేదు. ఎందుకంటే 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కళింగపట్నంలోనో భీమిలిలోనో మసూలా పడవెక్కి, దూరంగా లంగరు వేసిన ఓడను చేరి, డెక్కు టికెట్టుతో సముద్రం దాటినవాడు చట్టం లెక్కలో దేశం దాటనేలేదు. కాబట్టి ప్రభుత్వ నివేదికల్లో మనవాళ్ళు ఎక్కువగా అంకెలుగానే కనిపిస్తారు. మీ ముత్తాత పేరు దొరకకపోతే నిరాశపడి వెతకడం ఆపవద్దు.

వెతికేటప్పుడు ఆనాటి పేర్లతో వెతకాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మీ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళానికి చికాకోల్, కళింగపట్నానికి కళింగపటాం, భీమిలికి బిమ్లిపటాం, విశాఖకు విజగపటాం అన్న ఇంగ్లీషు వర్ణక్రమాలు వేసి చూడండి. తెలుగు కూలీలందరినీ కోరంగీలు అనే రాశారు. గోదావరి మొగలోని కోరంగి రేవు పేరు అది. గంజాం వాడైనా, విశాఖ వాడైనా ఆ పేరు కిందికే వస్తాడు.

చదవవలసినవాటిలో నేను ముందు పెట్టేది 1931 బర్మా జనగణన నివేదిక. అప్పుడు రంగూన్ జనాభా 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద భారతీయులు 10 లక్షల పైచిలుకు. 1941 జనగణన కూడా జరిగింది కానీ వివరాలు చాలావరకు యుద్ధంలో పోయాయి, అందుకే 1931 నివేదికకు అంత విలువ. తర్వాత 1931 నాటి రాయల్ లేబర్ కమిషన్ బర్మాలో సేకరించిన సాక్ష్యాలు, రంగూన్ భారతీయ కార్మికుల మీద 1933లో ఆండ్రూ ప్రచురించిన పుస్తకం, వలసల మీద 1941 నాటి బాక్స్‌టర్ నివేదిక చూడండి. మేస్త్రీ, అంటే కూలీలను కూర్చి తీసుకెళ్ళేవాడు, ఊళ్ళోనే బయానా ఇచ్చి మనుషులను ఎలా కట్టేసుకునేవాడో, మిల్లుల్లోనూ రేవులోనూ రిక్షాల దగ్గరా ఎవరు ఏ పని చేసేవారో వాటిలో తెలుస్తుంది. జాతీయ అభిలేఖాగారం వారి ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైటులో ఇంటి నుంచే ఫైళ్ళు వెతకవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్ళ కోసమైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారానికి వెళ్ళాలి.

ఇక మిల్లు ఫొటో. వెనుక చిరునామా గీతలుంటే అది పిక్చర్ పోస్టుకార్డు. మీ ముత్తాత తీయించింది కాదు, బజారులో కొన్నది. ఆ రోజుల్లో బర్మా బొమ్మలు అమ్మినవారిలో ఫిలిప్ క్లియర్, అహూజా స్టూడియోలు ప్రసిద్ధమైనవి. క్లియర్ జర్మన్, మౌల్మేన్‌లో మొదలుపెట్టి రంగూన్ చేరాడు. అంతకుముందు 1855లో లినేయస్ ట్రైప్ రాయబారి బృందంతో ఆవా దాకా వెళ్ళి పగోడాలను ఫొటోలు తీశాడు. 1885లో బ్రిటిష్‌వారు బర్మా రాజు మీద చేసిన యుద్ధాన్ని హూపర్ ఫొటోలు తీశాడు. ఫెలీచే బియాటో ఆ తర్వాత మాండలేలో స్టూడియో పెట్టాడు. క్లియర్ ఫొటోలు కొన్ని బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. మీ కార్డులోని మిల్లును వాటి పక్కన పెట్టి చూడండి. పజుండౌంగ్ వాగు ఒడ్డు మిల్లులు తరచూ కనిపిస్తాయి.

అయితే ఈ ఫొటోలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొనేవాడు దొర. వాడికి పగోడా కావాలి, చుట్ట కాల్చే బర్మా యువతి కావాలి, బస్తా మోసే కూలీ కావాలి. ఆ బొమ్మల్లో అందరూ తమ తమ పనుల్లో ప్రశాంతంగా ఉంటారు. బర్మావాడూ మనవాడూ ఒకే పని కోసం పోటీపడిన దృశ్యం ఏ కార్డు మీదా నేను చూడలేదు. ఆ దృశ్యం ఉన్నది కాగితాల్లోనే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవ్‌డోర్ కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి దించాయి. సమ్మె తీరగానే మనవాళ్ళను తిరిగి తీసుకుని బర్మావాళ్ళను పొమ్మన్నాయి. మే 26న గొడవ మొదలై రోజుల తరబడి సాగింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి, వాటిలో అత్యధికం మన జిల్లాల నుంచి వెళ్ళిన కూలీలవే.

దీన్ని మనకు జరిగిన అన్యాయంగా మాత్రమే చెప్పుకుంటే మీ ప్రశ్నకు జవాబు సగమే దొరుకుతుంది. అదే కాలంలో బియ్యం ధర కుప్పకూలి బర్మా రైతు అప్పుల్లో మునిగాడు. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల (తమిళ వడ్డీ వ్యాపారుల) చేతిలో ఉన్న పొలం 6 శాతం, 1938 నాటికి 25 శాతం. ఆ 1930 డిసెంబరులోనే థారావాడీ జిల్లాలో సయా సాన్ నాయకత్వంలో రైతులు తిరగబడ్డారు. పొలం పోగొట్టుకుని పట్నం వచ్చిన బర్మా మనిషికి రేవులో కూలిపని కూడా దొరకలేదు. మన కూలీ దగ్గర భూమి లేదు, వడ్డీ వ్యాపారం లేదు, మేస్త్రీకి తానే బాకీ. అయినా ఆ రోజు బర్మావాడికి ఎదురుగా కనిపించినవాడు అతడే. మీ విద్యార్థులకు ఈ రెండు వైపులూ కలిపి చెప్పండమ్మా.

భీమిలి స్టాంపుల సేకర్త:

టీచరుగారికి నమస్కారం. మాస్టారు పెద్ద విషయాలన్నీ చెప్పారు, నేను కవరు గురించి మాత్రం చెబుతాను. ఇండియా నుంచి విడిపోయిన కొత్తలో బర్మాకు సొంత స్టాంపులు లేవు. అయిదో జార్జి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చువేసి 1937 ఏప్రిల్ నుంచి వాడారు. 1938 చివర్లో ఆరో జార్జి బొమ్మతో సొంత స్టాంపులు వచ్చాయి. అంటే మీ కవరు చాలావరకు ఆ మధ్య కాలానిదే. తపాలా ముద్రను ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూస్తే తేదీ కూడా దొరకవచ్చు. జపాన్ ఆక్రమణ కాలపు కవర్లు ఇంకేమైనా దొరికితే, 1942 నాటి కొన్ని స్టాంపుల మీద నెమలి గుర్తు అచ్చు ఉండవచ్చు.

పోస్టుకార్డు వెనుక భాగం నిలువు గీతతో రెండుగా విడిపోయి ఉంటే అది 1900ల తొలి దశాబ్దంలోనో ఆ తర్వాతనో అచ్చయింది. కానీ పాత నెగటివ్‌లనే ఏళ్ళ తరబడి అచ్చువేసి అమ్మారు. కార్డు కొన్న ఏడాదినే ఫొటో తీసిన ఏడాదిగా రాసుకోవద్దు.

స్టూడియో ముద్రలో వీధి పేరు ఉండటం మీ అదృష్టం. డల్హౌసీ స్ట్రీట్ ఇప్పుడు మహాబందూలా రోడ్డు, ఫ్రేజర్ స్ట్రీట్ అనౌరథా రోడ్డు, ఫేయర్ స్ట్రీట్ పాన్సోడాన్. ఈనాటి యాంగోన్ పటంలో ఆ స్టూడియో వీధిని వెతికి పట్టుకోవచ్చు. కవరు మీది స్టాంపును దయచేసి నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. కవరుతో ఉంటేనే అది సాక్ష్యం.

కంచరపాలెం మనవరాలు:

అక్కా, మాది విశాఖలో బర్మా క్యాంపు. మా నాయనమ్మ పుట్టింది రంగూన్‌లో. చినతాతగారి పుస్తకం అన్నారు కదా, అలాంటిది మా ఇంట్లోనూ ఉంది. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చాక బర్మా పౌరసత్వం లేని మనవాళ్ళు విదేశీయులుగా నమోదు చేసుకోవలసి వచ్చింది. మాదాన్లో ఫొటో, తండ్రి పేరు, పుట్టిన ఊరు, మారిన చిరునామాలు వరుసగా ఉన్నాయి. లెక్చరరుగారు దొరకవన్న వివరాలు మీకు ఆ పుస్తకంలోనే దొరకవచ్చు. ప్రతి పేజీ, ఖాళీ పేజీ అయినా, స్కాన్ చేయండి.

1962 మార్చిలో సైన్యం అధికారంలోకి వచ్చింది. దుకాణాలు ప్రభుత్వపరం చేశారు. 1964 మే నెలలో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. మా తాతగారు పైసా పైసా కూడబెట్టింది ఆ నోట్లలోనే. తర్వాతి ఏళ్ళలో సుమారు 3 లక్షల మంది భారతీయులు ఆ దేశం వదిలి వచ్చారు. నాయనమ్మ చివరిదాకా డబ్బు లెక్కపెట్టేటప్పుడు తిత్, హ్నిత్, థోన్ అని బర్మా భాషలోనే లెక్కపెట్టేది. బర్మావాళ్ళ మీద ఆమెకు కోపం లేదు. ఓడ ఎక్కేరోజు అన్నం వండి మూట కట్టి ఇచ్చింది పక్కింటి బర్మా ఆవిడేనని చెప్పేది.

1942 సంగతి కూడా మీ ఇంట్లో పెద్దలను అడగండి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది కాలినడకన బయలుదేరారు. కొందరు టౌంగుప్ కనుమ దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్ చేరారు, కొందరు తము మీదుగా మణిపూర్, మరికొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాం. దారిలో వేలమంది కలరాతో, ఆకలితో పోయారు. మా బంధువు ఒకాయన విశాఖ చేరిన కొద్దిరోజులకే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు ఇక్కడా బాంబులు వేశాయి.

గార టీచరు:

అందరికీ కృతజ్ఞతలు. కవరు మీద ముద్ర చదవగలిగాను, 1938 ఫిబ్రవరి. పుస్తకంలో చినతాతగారి పుట్టిన ఊరు దగ్గర రంగూన్ అని ఉంది. అంటే మా ముత్తమ్మమ్మ కూడా అక్కడ ఉండేదేమో! ఇప్పుడు మూడో ఫొటో మీద ఆలోచన ఆగడం లేదు. ఆ బర్మా కట్టులో ఉన్నావిడ ఎవరు? ముత్తాతకు అక్కడ మరో కుటుంబం ఉందా? మాస్టారూ, ఇది ఎలా తేల్చుకోవాలి?

విశ్రాంత లెక్చరర్, విజయనగరం:

కట్టు చూసి బంధుత్వం నిర్ణయించకండమ్మా. ఆమె మీ ఇంటి మనిషి కావచ్చు, పొరుగింటి మనిషి కావచ్చు, బజారులో కొన్న బొమ్మ కూడా కావచ్చు. మొదట దాని వెనుక చూడండి. అచ్చు గీతలుంటే కొన్న కార్డు. ముత్తాత ఫొటో మీద ఉన్న స్టూడియో ముద్రే దీని మీదా ఉంటే ఇంటి ఫొటో అనుకోవడానికి బలం వస్తుంది. వెనుక తెరబొమ్మ, నేల మీది తివాచీ, కుర్చీ రెండు ఫొటోల్లోనూ ఒకటేనా అని కూడా పోల్చండి.

ఆ రోజుల్లో అలాంటి కుటుంబాలు ఉండటం మాత్రం నిజం. 1931 లెక్కల్లో బర్మాలోని భారతీయుల్లో మగవారి సంఖ్య ఆడవారికంటే ఎంతో ఎక్కువ. బర్మా స్త్రీలను పెళ్ళాడి కొన్నాళ్ళకు వదిలి వచ్చినవారూ ఉన్నారు. ఇలాంటి పెళ్ళిళ్ళలో బౌద్ధ స్త్రీలకు హక్కులు లేకుండా పోతున్నాయని అక్కడ పెద్ద ఆందోళన జరిగి, 1939లో బౌద్ధ స్త్రీల వివాహ, వారసత్వ చట్టం వచ్చింది. ఆమె మీ ముత్తాత భార్యే అయితే, ఆమె వైపు చరిత్ర ఆ చట్టం చుట్టూ జరిగిన చర్చల్లో ఉంటుంది. అవి కూడా చదవండి. చదివాకే ఇంట్లో పెద్దలను అడగండి, అదీ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, తప్పొప్పుల మాట తేకుండా.

మూడు ఫొటోలూ ముందూ వెనుకా స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. మూడో ఫొటో మాత్రం ఇంట్లోవారి అనుమతి అడిగిన తర్వాతే.