పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో అటాక్ స్పీడ్ లెక్క: విల్లు మార్చనా, గ్లోవ్స్ మార్చనా?

పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే కంప్యూటర్ గేమ్ మొదటి భాగం ఆడుతున్నాను, నా పాత్ర విల్లు పట్టిన రేంజర్. అటాక్ స్పీడ్ (సెకనుకి ఎన్నిసార్లు దాడి చేస్తామో) దగ్గర ఒక అనుమానం, తెలిసినవాళ్లు తీర్చండి.

నాకు తెలిసినంతవరకు 'ఇంక్రీజ్డ్' అని ఉన్న శాతాలన్నీ ముందు కూడుకుంటాయి, 'మోర్' అని ఉన్నవి మాత్రం ఒక్కొక్కటీ విడిగా గుణిస్తాయి. విల్లు మీదే రాసున్న స్పీడ్ లోకల్, అంటే ముందు విల్లు బేస్‌నే పెంచేస్తుంది. నా విల్లు బేస్ సెకనుకి 1.5 దాడులు, దాని మీద 10% ఉంది, కాబట్టి 1.65. పాసివ్ ట్రీ (లెవెల్ పెరిగేకొద్దీ ఎంచుకునే శాశ్వత బోనస్‌లు), క్వివర్ (అమ్ములపొది), ఆన్‌స్లాట్ (కాసేపు వేగం పెంచే బఫ్) ఇచ్చే 20% అన్నీ కలిపి 70%. మొత్తం సెకనుకి 2.8 బాణాలు.

ఇప్పుడు 12% ఉన్న గ్లోవ్స్ అమ్మకానికి కనిపించాయి. 100 మీద 70 కలిపిన 170 కాస్తా 182 అవుతుంది, అంటే నిజంగా పెరిగేది 7 శాతమే. దానికి వాళ్లడిగే ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి! అదే డబ్బుకి లోకల్ స్పీడ్ 20% ఉన్న విల్లు వస్తోంది, డ్యామేజ్ దాదాపు ఇంతే. 1.65 బదులు 1.8, అంటే 9 శాతం పెరుగుదల. విల్లుకే ఓటేద్దామనుకుంటున్నా, ఈ లెక్కలో ఏమైనా వదిలేశానా?

ఇంకోటి. బాలిస్టా టోటెమ్‌లు (నా బదులు వాటంతటవే బాణాలు వేసేవి) కూడా పెడుతుంటాను. పాసివ్ ట్రీలోని స్పీడ్ వాటికీ వెళ్తుంది, సరే. మరి నా మీదున్న ఆన్‌స్లాట్ సంగతేంటి? అదీ వాటికి అందుతుందా, లేక నాకొక్కడికేనా?