మూడు నెలలు ఆగడమా, ముందే పరీక్ష చేయించుకోవడమా?

కావలి నుంచి ఒక పాఠకుడు:

పని మీద చెన్నై వెళ్లినప్పుడు, అంతకుముందు పరిచయం లేని ఒక స్త్రీతో కండోమ్ లేకుండా కలిశాను. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. నెల్లూరు పొగతోటలో ఒక ల్యాబులో హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే ‘నాన్ రియాక్టివ్’ (సోకిన గుర్తు కనబడలేదు) అని వచ్చింది. వారం తిరక్కముందే మరో ల్యాబుకు వెళ్తే అక్కడా అదే మాట రాసిచ్చారు గానీ, మొదటి రిపోర్టులో 0.11 ఉన్న అంకె రెండో దానిలో 0.23 అయింది. అది పెరుగుతోందన్న ఆలోచనతో నాకు నిద్ర పట్టడం లేదు. మెడ కింద బిళ్లలేమైనా కట్టాయేమోనని చేయి దానంతటదే అక్కడికి పోతోంది. భార్యకు దూరంగా ఉంటున్నాను, కారణం చెప్పలేకపోతున్నాను. మూడు నెలల దాకా ఏ పరీక్షా వద్దని కొందరు, వారం వారం చేయించుకోమని కొందరు అంటున్నారు. ఏది సరైనదో తెలిసినవారు చెప్పగలరని ప్రార్థన.

ఒంగోలు, ల్యాబ్ టెక్నీషియన్:

90 రోజులు నిండాక ఒక్కసారి చేయించుకోండి, చాలు. ర్యాపిడ్ కిట్టు, అంటే నిమిషాల్లో ఫలితం చూపే పరీక్ష, పట్టుకునేది వైరస్‌ను కాదు, దానికి ఎదురుగా మన శరీరం తయారుచేసే యాంటీబాడీలను. అవి తగినంతగా తయారవడానికి కొందరిలో మూడు వారాలు, కొందరిలో మూడు నెలలు పడుతుంది. ఈలోగా చేసే పరీక్షలకు పెట్టే డబ్బు వృథా అని నా అభిప్రాయం.

నెల్లూరు, కౌన్సెలింగ్ అనుభవం ఉన్న పాఠకురాలు:

ఒంగోలు సోదరుడు చెప్పిన 90 రోజుల లెక్క ర్యాపిడ్ పరీక్షకు సరైనదే. అయితే భయంతో నలిగిపోతున్న మనిషిని మూడు నెలలు నోరు మూసుకుని కూర్చోమనడం నాకు సమ్మతం కాదు, అందుకు వైద్యపరమైన అవసరమూ లేదు. నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష యాంటీబాడీలతో పాటు వైరస్‌కు చెందిన పీ24 అనే ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుంది కనుక, 45 రోజులు దాటాక దానిలో నాన్ రియాక్టివ్ వస్తే ఆ ఫలితాన్ని ధైర్యంగా నమ్మవచ్చు. ఆపైన 90 రోజులకు ప్రభుత్వ ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో) ఉచితంగా ఒకసారి చేయించుకుని, అక్కడితో పరీక్షలు ఆపేయండి.

ఇక మీ 0.11, 0.23 సంగతి. ఆ అంకెను పోల్చవలసింది నిరుటి రిపోర్టుతోనో నిన్నటి రిపోర్టుతోనో కాదు, అదే కాగితం మీద పక్కనే అచ్చు వేసి ఉండే 1.00 అనే హద్దుతో. దానికి లోపు ఎంత ఉన్నా అర్థం ఒక్కటే. మెషీను మారినా, కిట్టు మారినా, అదే రక్తాన్ని అదే మెషీనులో రెండోసారి పెట్టినా ఆ అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. అది షుగరు లెక్కలాగా ఎక్కుతూ దిగుతూ ఉండేది కాదు. ఈ ఒక్క విషయం రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ల్యాబువారు చెప్పి ఉంటే మీకు ఇన్ని నిద్రలేని రాత్రులు ఉండేవి కావని నాకు బాధ కలుగుతోంది.

ప్రతి వారం పరీక్షను మాత్రం నేను గట్టిగా వద్దంటాను. నాన్ రియాక్టివ్ అని చూసిన రోజు ప్రాణం కుదుటపడుతుంది, రెండు రోజులకు ‘ఇంకా తొందరేమో’ అన్న అనుమానం మళ్లీ లేస్తుంది, మళ్లీ ల్యాబు మెట్లు ఎక్కాలి. వైరస్ సోకిన స్త్రీతో రక్షణ లేని యోని సంభోగం ద్వారా పురుషునికి సోకే అవకాశం 10,000 కలయికలకు దాదాపు 4 అని అంచనా. పరీక్ష మానేయడానికి ఇది కారణం కాదు గానీ, అంతా అయిపోయిందని నమ్మడానికి ఆధారం ఎంత తక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది. బిళ్లలు, జ్వరం, ఒళ్లునొప్పులు మామూలు వైరల్ జ్వరాల్లోనూ కనిపిస్తాయి కనుక, వాటిని తడిమి చూసుకుని ఎవరూ తేల్చలేరు.

మీకు కాలం దాటిపోయింది గానీ చదివే ఇతరుల కోసం ఒక మాట. ఇలాంటి సందర్భం ఎదురైన 72 గంటల లోపల, వీలైతే మొదటి గంటల్లోనే, ఏఆర్‌టీ కేంద్రం (హెచ్‌ఐవీ చికిత్స కేంద్రం) ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి అడగాలి. వైద్యులు అవసరమని భావిస్తే 28 రోజుల పాటు వాడవలసిన నివారణ మందులు రాస్తారు. దీని గురించి మన జిల్లాల్లో చదువుకున్నవారికే తెలియకపోవడం నన్ను కలవరపెడుతోంది.

మీరు హెచ్‌ఐవీ ఒక్కదాన్నే తలుచుకుంటున్నారు. హెపటైటిస్ బి అంతకన్నా తేలికగా సోకుతుంది. ముప్ఫై దాటినవారిలో చాలామందికి చిన్నప్పుడు ఆ టీకా వేయలేదు. ఆ పరీక్ష కూడా చేయించుకుని, లేదని తేలితే వైద్యుణ్ణి అడిగి మూడు డోసుల టీకా పూర్తి చేయండి.

సింగరాయకొండ నుంచి:

అమ్మా, మీరు చెప్పిన శాస్త్రం సరే. ఐసీటీసీ గది ముందు బెంచీ మీద కూర్చుంటే ఊరి మనిషి ఎవరో ఒకరు కనబడతారు, సాయంత్రానికి మాట ఇంటికి చేరుతుంది. పెళ్లి కావలసినవారి పరిస్థితి ఏమిటి? అందుకే మావాళ్లు చెన్నైకో విజయవాడకో పోతారు. దాన్ని తప్పుపట్టకూడదు.

నెల్లూరు పాఠకురాలు:

తప్పుపట్టను. మీ ఊరివారు మీ ఊరి కేంద్రానికే రావాలన్న నిబంధన ఏదీ లేదు, ఎక్కడికైనా వెళ్లవచ్చు. ముందుగా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు కూడా. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మన అంగీకారం లేకుండా పరీక్ష చేయడమూ, చట్టంలో చెప్పిన కొద్ది సందర్భాలలో తప్ప ఫలితాన్ని బయటపెట్టడమూ నేరుగా నిషిద్ధం. అయినా బెంచీ మీద చూసినవారి నోటికి చట్టం తాళం వేయలేదని మీరన్నది నిజమే. అందువల్ల ఆ గదిని పక్షవాతం, చక్కెర రోగులు కూర్చునే వరండాలోనే కలిపి పెట్టాలని, వేరే బోర్డు పెట్టి చూపించకూడదని నేను కోరుతాను.

కావలి సోదరునికి చివరిగా ఒక్కటి. ఫలితం తేలేవరకు కండోమ్ లేకుండా భార్యతో కలవకండి. కారణం చెప్పడానికి నోరు రాకపోతే కౌన్సెలర్‌ను అడగండి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం కూడా వారి పనిలో భాగమే. ఒకవేళ రియాక్టివ్ వచ్చినా ఒక్క కిట్టుతో తేల్చరు, వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేస్తారు. ఉందని నిర్ధారణ అయితే మందులు ఉచితంగా వెంటనే మొదలుపెడతారు. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గి అలాగే నిలిచి ఉన్నవారి నుంచి లైంగికంగా భాగస్వామికి సోకదు.